ఊడుగపర్తి అడుగులు

ఊడుగపర్తి జనం ఎటు పోయారో ఏడువందల ఏళ్లుగా ఎవరికీ తెలియదు. నల్లమల అంచున, చెలకల నడుమ, మనిషెత్తు దిబ్బగా మిగిలింది ఆ ఊరు. పక్కనున్న కొత్తపర్తి రైతులు దాన్ని పాటిదిబ్బ అంటారు. ఎండాకాలంలో ఆ పాటిమన్ను ట్రాక్టర్లకెత్తి పత్తిచేలకు తోలుకుంటారు. మన్నులో పూసలు, కుండపెంకులు, అరిగిన తిరగలిరాళ్లు వస్తాయి. ఎముక మాత్రం ఒక్కటీ రాదు. ఇళ్లు కాలిన జాడ లేదు. ధాన్యం దాచుకోవడానికి నేలలో తవ్విన పాతర్లు ముప్పై దాకా ఉన్నాయి. తవ్వకం మొదలైన ఏడు రెండింటిని తెరిచి చూస్తే, జొన్నలు బూడిదరంగు పొడిగా నిండా ఉన్నాయి. తిండి వదిలేసి ఏ ఊరైనా లేచిపోతుందా?

"అమ్మ పిలిచింది, పోయిండ్రు," అనేది ఈదమ్మ. కొత్తపర్తి ముసలామె, దిబ్బ మీద మేకలు మేపుకునేది. "తల్లి పిలిస్తే జొన్నలు సూసుకుంటరా?"

తవ్వకానికి వచ్చిన పురావస్తు బృందంలో ఆ మాటను పుస్తకంలో రాసుకున్నది వనజ ఒక్కతే. నలభై ఒక్కేళ్ల మనిషి. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చిక్కిపోయింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో ఆమెను ఎవరూ గుంతలోకి దిగనివ్వలేదు. "మీరు నీడన కూర్చోండి మేడమ్" అని మర్యాదగా కుర్చీ వేసి, పెంకులకు నంబర్లు వేసే పని ఇచ్చేవాళ్లు.

మట్టిశాస్త్రం చదువుకున్న సోమనాథాచారి రెండో ఏడు తన యంత్రంతో వచ్చాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మాట పెళుసు, కొలిమి పనివాళ్ల ఇంట పుట్టినందుకేమో, చేతులు మాత్రం చాలా పొందికైనవి.

"అలికిన నేల ఆరకముందు తొక్కితే మా అమ్మ వీపు చీరేసేది," అన్నాడాయన మొదటి రోజున. "తడి అలుకు మీద పడ్డ అడుగు ఎక్కడికీ పోదు. దాని మీద ఇంకోసారి అలికినా కిందపొరలో అలాగే ఉంటుంది. మట్టిరేణువులు పేకముక్కల్లాంటివి. కాలు ఎటు తోస్తే అటు వాలి, అలాగే ఆరిపోతాయి."

ఎవరూ నమ్మలేదు. ఆయన ఒక పలక మీద పేడా మట్టీ కలిపి అలికాడు. వచ్చేపోయేవాళ్లు చూసుకోకుండా తొక్కారు. మర్నాడు దాని మీద మళ్లీ అలికి, ఆరాక యంత్రం కింద పెట్టాడు. తెర మీద ఒక పాదం నెమ్మదిగా తేలింది.

"ఇది మీదే వనజగారూ. ఎడమ మడమ పూర్తిగా ఆనదు. నిన్న కుడిచేత్తో ఏదో బరువు మోస్తున్నారు కూడా."

"పెంకుల బుట్ట," అంది వనజ. తెర దగ్గరికి జరిగి ఆ మడమను చూసింది.

*

ఏడో నంబరు ఇంటి నేలను ముక్కలుగా కోసి, పెట్టెల్లో పేర్చి హైదరాబాదు పరిశోధనాలయానికి తెచ్చారు. రెండువందల పన్నెండు పొరలు. వారానికొక అలుకు అనుకుంటే నాలుగేళ్ల కాపురం. యంత్రం పొరపొరనూ చదివి, ఎవరి అడుగులు వారివిగా విడదీసింది. కానీ తెర మీద కనిపించేవి చుక్కలే. ఆ మనిషి అటు ఎందుకు నడిచిందో, అక్కడ ఎందుకు ఆగిందో చుక్కలకు తెలియదు. నడిచిన ఒంటికే తెలుస్తుంది. అందుకని ఆచారి నడకబల్ల చేశాడు.

అది మంచమంత వెడల్పు, గదంత పొడుగు ఉన్న ఇనుపబల్ల. కాలికింద వేల మేకులు లేస్తూ దిగుతూ ఏడువందల ఏళ్ల నాటి నేలను తయారుచేస్తాయి. తొడ నుంచి కాలివేళ్ల దాకా పట్టీలుంటాయి. ఏ కండరం ఏ క్షణంలో బిగియాలో అవి సన్నటి కరెంటు చురుకులతో చెబుతాయి. అడుగు ఎంత లోతుగా దిగిందో చూసి, ఆ మనిషి మోసిన బరువును నడుముపట్టీ మన నడుము మీద వేస్తుంది.

ఆ ఇంటి ఇల్లాలి అడుగులు నడవబోయిన ఇద్దరు పరిశోధక విద్యార్థులు మూడో అడుగుకే బోర్లా పడ్డారు. ఆచారి చుక్కలను మళ్లీ చూశాడు.

"ఈవిడకు ఎడమకాలు ఈడ్పు. కుంటమ్మ అన్నమాట," అని, వనజ ముఖం చూసి నాలిక కరుచుకున్నాడు.

"అట్లనే పిలుద్దాం సార్. మా బళ్లో నన్నూ అదే అనేవాళ్లు," అంది వనజ. చెప్పులు విడిచి బల్ల ఎక్కింది.

ఆమె పడలేదు. ఆ కాలికి ఆ నేల తెలిసినట్టే ఉంది. పొయ్యి దగ్గరికి నాలుగు అడుగులు, తిరగలి దగ్గరికి ఆరు, గడప దాకా తొమ్మిది. ఆచారి చప్పట్లు కొట్టాడు. వనజ బల్ల దిగి బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చింది. తన నడక లోకంలో ఇంకొకరికి కూడా ఉండేదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"రోజుకు నలభై నిమిషాలు. అంతకు మించితే ఒంటికి అలవాటైపోతుంది," అన్నాడు ఆచారి. విద్యార్థులు మిగతావాళ్ల అడుగులు నడిచేవారు. సాయంత్రం కొంచెం వింతగా నడిచి, రెండు రోజుల్లో మామూలయ్యేవారు. వనజకూ మొదట్లో అంతే.

డెబ్బయ్యో పొర దగ్గర నడుముపట్టీ కుడిపక్కన కొంచెం బిగిసింది.

"నీళ్లకుండ కావచ్చు," అన్నాడు ఆచారి తెర వెనుక నుంచి.

"కుండ కదలదు సార్," అంది వనజ. "ఇది కదులుతోంది."

బిడ్డ. కుంటమ్మ బిడ్డను కుడి నడుము మీద ఎత్తుకుని పని చేసుకుంటోంది. వనజ నడుము తనంతట తాను పక్కకు వాలి, బిడ్డకు పీట వేసింది. వనజకు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఆమె గానీ భర్త యాదగిరి గానీ ఎత్తలేదు. ఇప్పుడు ఎనభయ్యో పొర, తొంభయ్యో పొర, నూరో పొర దాటుతుంటే ఆ బరువు వారం వారం పెరుగుతోంది. నూట ముప్పయ్యో పొరలో కుంటమ్మ పాదాల పక్కన వేలెడంత పాదాలు రెండు కనిపించాయి, పడుతూ లేస్తూ.

నలభై నిమిషాలు వనజకు చాలలేదు. మధ్యాహ్నం ఆచారి క్లాసు చెప్పడానికి వెళ్లగానే బల్ల ఎక్కేది. నడిచిన పొరలే మళ్లీ నడిచేది. మూడేసి గంటలు. బల్ల పక్కన ఎంతసేపు నడిచిందీ చూపించే మీటరు ఉంది. దాన్ని ఆమె చెరపలేదు. చెరపడం తెలియదు. ఆచారి దాన్ని ఒక్కసారైనా చూసి ఉంటాడని, చూసీ ఏమీ అనలేదని ఆమెకు తోచకపోలేదు. కానీ ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

*

ఏడో నంబరు ఇంటి పొరలు అయిపోయాయి. చివరి రోజుల కథ వీధిలో ఉంది.

ఆ రోజుల్లో ఊడుగపర్తిలో ముసురు పట్టింది. వీధి బురదంతా అడుగులు. తర్వాత ఎండ కాసి అవి గట్టిపడ్డాయి. ఊళ్లో మనుషులు లేక, చూసుకునే దిక్కులేక పైనున్న కుంట తెగింది. సన్నటి ఒండ్రు ఊరంతా పరుచుకుని అడుగులను దాచిపెట్టింది. ఆ ఒండ్రు కింది నేలను మూడో ఏడు తవ్వారు. ఊరి చుట్టూ గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. ఆ గుంతల వాలు చూస్తే గుంజలన్నీ లోపలివైపుకు వాలి ఉండేవి. వాటిని పాతినవాళ్ల అడుగులు బయటివైపు ఉన్నాయి.

కంపకంచె. బయటివాళ్లు వేసిన కంచె.

కంచె లోపల మొదటి ముసురు నాటి బురదలో నూటనలభై మంది అడుగులున్నాయి. దాని మీది బురదలో తొంభై మందివి. ఆ పైన ముప్పై. ఆ పైన పదకొండు. అన్నిటికంటే పైపొరలో ఒక్క మనిషివి. ఎడమకాలు ఈడుస్తూ నడిచిన మనిషివి.

"మశూచో, మరో మహమ్మారో," అన్నాడు ఆచారి. "వద్దు వనజగారూ. దీన్ని చుక్కల్లోనే చూద్దాం."

"ఇంత దూరం ఆమెతో వచ్చి ఇప్పుడు వదిలేస్తానా సార్?"

ఆయన ఇంకోసారి వద్దనలేదు. ఆ సంగతి తర్వాత ఆయన్ను చాలా కాలం కాల్చింది.

వనజ ఎక్కింది. కుంటమ్మ వెనక్కి నడుస్తోంది. వెనక్కి నడుస్తూ బరువైనదేదో లాగుతోంది. పదడుగులు లాగి ఆగుతోంది. వీధి చివర పాతర దగ్గరికి లాగి, నిలబడి, మళ్లీ బయల్దేరుతోంది. ఇరవైరెండుసార్లు అలా నడిచింది. ఇరవైమూడోసారి వెనక్కి కాదు, ముందుకు నడిచింది. నడుముపట్టీ కుడిపక్కన బిగిసింది. ఆ బరువు వనజకు బాగా తెలుసు. ఈసారి అది కదలడం లేదు.

ఆమె అరవలేదు. పాతర దాకా నడిచింది, నిలబడింది. పట్టీ వదులైంది.

ఆచారి కరెంటు తీసేసి ఆమెను బల్ల మీంచి దించాడు. పైపొరలో మిగిలిన అడుగులను ఆ వారంలోనే, ఆయన లేనప్పుడు ఆమె నడిచేసింది.

వారం తర్వాత ఆ పాతర తెరిచారు. లోపల ఇరవైమూడు మంది, అందరినీ ఒకే వైపు తలలు పెట్టి పడుకోబెట్టి ఉంది; వాళ్లకంటే ముందు పోయినవాళ్లు పక్క పాతర్లలో ఉన్నారు. అందరికంటే పైన చిన్న ఎముకలు, కింద గుడ్డ పరిచిన జాడ. మేకలను వదిలేసి వచ్చి చూసిన ఈదమ్మ మట్టి మీద కూలబడింది.

"తల్లి పిలిస్తే పోయిండ్రంటిమి గద. ఈడనే ఉన్నరు," అంది. కొంతసేపటికి తలెత్తి, "ఆ కంప ఎవరు గొట్టిండ్రు బిడ్డా? మావోళ్లేనా?"

కొత్తపర్తి ఆ కాలానికే ఉంది. చుట్టుపక్కల మరో ఊరు లేదు. వనజ ఆమె పక్కనే మట్టిలో కూర్చుంది.

*

మొదట గేటు దగ్గర మొదలైంది.

పాతర తెరిచిన పది రోజులకు వనజ ఉద్యోగానికి బయల్దేరింది. గేటు కింది ఇనుప పట్టా దగ్గర ఆమె పాదాలు రెండూ జతగా చేరి ఆగిపోయాయి. కాసేపు నిలబడ్డాయి. తర్వాత కుడివైపుకు తిరిగి ఇంటివైపు నడిచాయి. ఆమె నడవలేదు, అవి నడిచాయి.

"ఏం మరిచినవ్?" అన్నాడు యాదగిరి. ఆయన సిటీబస్సు డ్రైవరు. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ కనక ఇంట్లోనే ఉన్నాడు.

"ఏం లేదు," అంది వనజ. మళ్లీ వెళ్లింది. మళ్లీ తిరిగొచ్చింది. మూడోసారి వచ్చేసరికి ముఖం పాలిపోయింది.

నాలుగు రోజుల్లో గేటు కాస్తా గడప అయింది. ఎదుట గీతలా ఏది కనిపించినా కాళ్లకు అదే కంచె. ఆ పై వారం వంటింటి గుమ్మం కూడా దాటలేకపోయింది. పైపొరలో కుంటమ్మ నడక కూడా అంతే: మొదట ఊరి చుట్టూ తిరిగింది, తర్వాత వీధిలో, ఆ తర్వాత తూర్పువైపు కంచె దగ్గర ఓ నాలుగు బారల నేలలో. ఒంట్లో ఎక్కించుకున్న రోజులను కాళ్లు వరసగా నెమరువేస్తున్నాయని వనజకు అర్థమైంది. ఆ వరస చివర ఏముందో ఆమెకు తెలుసు. కంచె ముందు నిలబడటం. అక్కడితో అడుగులు అయిపోయాయి. తర్వాత ఏమీ లేదు.

"కూసుంటే ఏమైతది? కుర్చీల కూసో, నేను తోలుకపోత," అన్నాడు యాదగిరి. చక్రాల కుర్చీ అద్దెకు తెచ్చాడు. గడప దగ్గరికి తోసేసరికి వనజ ఒళ్లంతా వెనక్కి ముడుచుకుంది. ఊపిరి అందలేదు. ఆయన కుర్చీ వదిలేసి చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆమె ఆయన ముఖం మీద రక్కింది.

"దాటొద్దు! అంటుకుంటది!"

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. యంత్రం మాటలు నేర్పదు. ఒళ్లు అలా ముడుచుకున్న మనిషి నోటికి ఏ మాట వస్తుందో ఆ మాటే వచ్చింది. యాదగిరి ఆమెను దించి, చెంప తుడుచుకుంటూ గడప అవతల మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె గడప ఇవతల నిలబడి ఉంది. ఇద్దరి మధ్య మూడడుగులు.

"రా వనజా," అన్నాడు. "ఒక్కటే అడుగు. నేనున్న గద ఈడ. రా."

ఆమె కుడివైపుకు తిరిగి వెళ్లిపోయింది.

నరాల డాక్టరు ఇంటికే వచ్చి చూశాడు. "మిగతావాళ్లకు సొంత నడక గట్టిగా ఉంటుంది, నేర్పిన నడక రెండు రోజుల్లో ఊడిపోతుంది. ఈమె ఎడమకాలికి చిన్నప్పుడే నరాలు పోయాయి. మిగిలిన కాసినీ ఇన్నాళ్లకు ఒక నడక దొరికిందని పట్టుకున్నాయి," అన్నాడు. మందు లేదన్నాడు.

ఆచారి వచ్చినప్పుడు యాదగిరి కుర్చీ వేయలేదు.

"ఏం సారూ, నలభై నిమిషాలంటిరి గద. మీటరు సూడలేదా?"

"చూశాను," అన్నాడు ఆచారి నిలబడే. "మొదటి వారంలోనే చూశాను. ఆమె అంత బాగా నడుస్తుంటే ఆపాలనిపించలేదు. లోకంలో ఎవరికీ దొరకని సంగతి దొరుకుతోంది. ఇంకో నాలుగు రోజులు, ఇంకో నాలుగు రోజులు అనుకున్నాను."

యాదగిరి పిడికిలి బిగిసింది. గదిలో నుంచి వనజ పిలిచింది. "ఆయన్నేమనకు. ఆపితే నేను ఆగేదాన్ని కాదు. బిడ్డను వదిలి రమ్మంటే ఎట్లొస్త?"

ఆ మాటకు యాదగిరి గోడ వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో వాళ్లింట్లో 'బిడ్డ' అన్న మాట పలకడం అదే మొదలు.

తర్వాత రోజుల్లో ఆమె ఎనిమిదడుగుల నేలకు వచ్చేసింది. కిటికీకి, మంచానికి మధ్య. అన్నం అక్కడికే వచ్చేది. ఒక రోజు యాదగిరి డ్యూటీకి వెళ్లేటప్పుడు కిటికీ ముందు నిలబడి ఉంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి అక్కడే, అలాగే నిలబడి ఉంది. పాదాలు ఉబ్బి నల్లబడ్డాయి. కళ్లు మాత్రం కదిలాయి.

"అడుగులు అయిపోయినయ్," అంది. "ఇగ ఇంతే."

యాదగిరి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మోకాళ్లు మడిచి, మంచం మీదికి చేర్చి, వేడినీళ్లతో పాదాలు ఒత్తాడు. లేపి నిలబెడితే చాలు, కాళ్లు మళ్లీ నాటుకుపోయేవి.

*

ఆ మాట యాదగిరి చెప్పగా విని, ఇంకేమైనా అడుగులు మిగిలాయేమో వెతకడానికి ఆచారి మర్నాడే ఊడుగపర్తికి పోయాడు. ఒంటరిగా, సొంత చేతులతో తూర్పువైపు కంచె అవతల తవ్వాడు. అక్కడ రెండు గుంజల గుంతలు లేవు. వానకు కొట్టుకుపోయాయని మొదట అందరూ అనుకున్నారు. ఒండ్రును కుంచెతో తుడిచాక తెలిసింది: కొట్టుకుపోలేదు. ఎవరో గుంజలు పీకి, గుంతలు పూడ్చేశారు. కంచె తెరిచే ఉంది.

తెరిచిన చోట, బయటివైపు, ఒక జత పాదాలు. చాలా రోజులు, రోజూ వచ్చి నిలబడ్డ పాదాలు. ఆడో మగో తెలియదు. దగ్గర్లో చిన్న కుండలు దించిన గుండ్రటి అచ్చులు. ఎదురుగా లోపలివైపు కుంటమ్మ పాదాలు. తెరిచిన కంచె ముందు నిలబడి, ఆమె ప్రతిరోజూ తనకు తానే వెనుదిరిగింది.

ఆచారి ఫోను చేశాడు. ఫోను వనజ చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాడు యాదగిరి.

"ఆమెను ఎవరూ ఆపలేదమ్మా. బయటున్న మనిషికి అంటుకోకూడదని ఆమే రాలేదు. కానీ అక్కడితో అయిపోలేదు. ఆఖరి రోజున ఆ బయటి పాదాలు లోపలికొచ్చాయి."

"లోపలికా?"

"కంచె దాటి లోపలికొచ్చి, ఆమె ఎడమపక్కన నిలబడ్డాయి. చాలాసేపు. అచ్చు వేలెడు లోతు దిగింది. ఆ తర్వాత రెండు జతలూ కలిసి బయటికి నడిచాయి. ఆమె ఎడమకాలి అడుగు తేలిగ్గా పడింది. ఆ మనిషి ఆమె బరువు ఎత్తుకుని నడిచినట్టు. అరవై ఒక్క అడుగులు దొరికాయి."

యాదగిరి ఫోను తన చెవికి పెట్టుకున్నాడు.

"సార్, మీ బల్ల ఎక్కియ్యను," అన్నాడు.

"ఎక్కించమనను. బల్ల విప్పేశాను. ఊడుగపర్తి నేల మీదే నడుద్దాం."

వారం రోజులు యాదగిరి సెలవు పెట్టాడు. ఆచారి పంపిన కొలతలను ఇంటి ముందు సుద్దముక్కతో గీసుకుని నడిచాడు. వీధిలోవాళ్లు చూసి, పాపం భార్యను చూసి ఈయనకూ మతి పోయిందనుకున్నారు. ఆయన మాత్రం బస్సు రూటు నేర్చుకున్నట్టు ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్లాలో నేర్చుకున్నాడు. డాక్టరు మత్తుమందు ఇచ్చాడు. వనజ నిద్రలో గడప దాటింది, గేటు దాటింది, నగరం దాటింది.

*

మెలకువ వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. వనజ దిబ్బ మీద పడుకుని ఉంది. లేచి నిలబడగానే కాళ్లు కదిలాయి. వీధి వెంట, కంచె వెంట, పాతర దాకా, మళ్లీ వీధికి. ఇన్నాళ్లూ ఇంటి గోడలకు కొట్టుకున్న నడక ఇక్కడ దేనికీ కొట్టుకోలేదు. లోకంలో ఆ నడకకు సరిపోయే నేల ఇదొక్కటే. ఆమెకు హాయిగా అనిపించింది. ఇక్కడే ఉండిపోవచ్చు. బిడ్డ కూడా ఇక్కడే ఉంది.

ఆ హాయి చూసి ఆమెకే భయం వేసింది.

కాళ్లు తూర్పుకు వచ్చి ఆగాయి. ఎదుట ఆచారి ముగ్గుపిండితో గీసిన అడుగులు తెల్లగా, జంటగా, పత్తిచేను వైపు వెళ్తున్నాయి. ఆచారి దూరంగా నిలబడ్డాడు. ఈదమ్మ, ఆమె వెనుక కొత్తపర్తి ఆడవాళ్లు పదిమంది నిలబడ్డారు. కంచె ఉండిన చోటికి అవతల యాదగిరి.

ఆయన నోరు తెరిచాడు, రమ్మనడానికి. అలవాటు కొద్దీ. మళ్లీ మూసుకున్నాడు.

కంచె గీత దాటి లోపలికొచ్చాడు. ఆమె ఎడమపక్కన, ముగ్గు ఉన్నచోట పాదాలు పెట్టి నిలబడ్డాడు. ఆమె చేయి తన భుజం మీద వేసుకున్నాడు. లాగలేదు. ఇద్దరూ ఒకే వైపు చూస్తూ నిలబడ్డారు. ఎండ నెత్తికొచ్చింది. ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. ఈదమ్మ ఒక్కసారి కళ్లు తుడుచుకుంది.

"నీకు అంటుకుంటది," అంది వనజ మెల్లగా.

"అంటుకోనియ్యి," అన్నాడు యాదగిరి.

ఆమె బరువు ఆయన మీదికి వాలింది. మొదట అణా వంతు, తర్వాత సగం, తర్వాత మొత్తం. ఎడమపాదం నేల వదిలింది.

ఒకటి. గీత దాటింది. రెండు. మూడు. వెనుక ఎవరో "అమ్మా" అన్నారు. యాదగిరి పెదవులు కదుపుతూ అడుగులు ఎంచుతున్నాడు. నలభై. యాభై. అరవై ఒకటి.

అక్కడితో ముగ్గు అయిపోయింది. ఆపైన నాగళ్లు, ట్రాక్టర్లు తిరగేసిన మన్ను. ఆ ఇద్దరూ అక్కడినుంచి ఎటు వెళ్లారో, ఆ ఇంట్లో ఎవరెవరు పుట్టారో ఏ మన్నూ చెప్పదు. వనజ కాళ్లు ఆగాయి, ఎవరైనా చెబుతారేమోనని. ఎవరూ చెప్పలేదు.

"ఎటు?" అన్నాడు యాదగిరి.

"నాకు తెల్వదు."

"నాకు గూడ తెల్వదు. ఎటైన సరే."

వనజ ఎడమకాలు ఎత్తి ముందుకు వేసింది. పత్తిమోడు తగిలి ముందుకు తూలింది. ఆయన పట్టుకోకపోతే పడేదే. ఆ తూలడం ఏ పొరలోనూ లేదు. ఊడుగపర్తిలో ఏ మనిషీ అలా తూలలేదు. మోడు గీసుకుని కాలి మీద రక్తం చిమ్మింది. అది చూసి ఆమె పెద్దగా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

ఈదమ్మ చేనులోకి దిగి వచ్చి ఆమె రెండో పక్క పట్టుకుంది.

"కంప గొట్టింది మావోళ్లే గావొచ్చు," అంది. "లోపలికొచ్చింది గూడ మావోళ్లే గద బిడ్డా? రా, మా ఇంట్ల గింత సల్ల దాగుదువు."

ఆచారి తన నివేదికలో యంత్రం గురించి రాసినంత వివరంగా మీటరు గురించి కూడా రాశాడు. మూడేళ్లదాకా ఏ ప్రయోగమూ చేయకూడదని పైవాళ్లు ఆంక్ష పెట్టారు. ఆయన వాదించలేదు. పాతరలోని ఎముకలకు కొత్తపర్తివాళ్లు తమవాళ్లకు చేసినట్టే దినాలు చేశారు.

వనజ మళ్లీ ఉద్యోగానికి వెళ్తోంది. అయితే ఈ రోజుకీ ఒంటరిగా గడప దాటలేదు. ఎవరైనా లోపలికి వచ్చి ఎడమపక్కన నిలబడాలి. ఆఫీసులో అటెండరు సుగుణమ్మ నిలబడుతుంది. ఇంట్లో యాదగిరి. ఖాకీ చొక్కా వేసుకుని, బస్సుకు టైమవుతున్నా, గదిలోకి వచ్చి భుజం ఇచ్చి నిలబడతాడు. కొన్ని రోజులు ఆమె వెంటనే కదులుతుంది. కొన్ని రోజులు చాలాసేపు పడుతుంది. ఆయన తొందరపెట్టడు.